ఒడెల్లా అమ్మ ముఖం తుడుచుకున్న రోజు

మమ్మల్ని కీర్తించడానికి న్యూయార్కు నుంచి ఒక మనిషి వస్తున్నాడని తెలియగానే మా వాళ్ళంతా కొత్త విగ్గుల కోసం ఎగబడ్డారు. ఆయన కీర్తించే పద్ధతి వేరని పాపం వాళ్ళకేం తెలుసు.

ఆయన పేరు ఆంబ్రోస్ కీన్. మాలాగే నల్లవాడు, నాలాగే మగవాళ్ళని ప్రేమించే మగవాడు. కాకపోతే కాలేజీలో ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతాడు కాబట్టి నవ్వడం మానేశాడు. నెత్తి నుంచి పాదం దాకా నల్లబట్టలే. మా బాల్టిమోరులో ఒక పెద్ద మ్యూజియం వాళ్ళు, ఇన్నాళ్ళకి ఉన్నట్టుండి మేమంటూ ఉన్నామని కనిపెట్టి, బాల్‌రూమ్ జనం ముఖాలని నిలువెత్తు ఫొటోలుగా తీసి గోడలకి తగిలించే పని ఆయనకి అప్పగించారు. ఆ మ్యూజియానికి కూతవేటు దూరంలోనే మేము ఎప్పటినుంచో ఆడుతున్నాం, పాడుతున్నాం, కొట్టుకుంటున్నాం. గొప్పవాళ్ళ చెవులు కదా, కూత కాస్త ఆలస్యంగా చేరుతుంది.

నా పేరు కార్నెల్. బాల్ జరిగినప్పుడు మైకు పట్టుకునేది నేనే. బాల్ అంటే మాలాంటివాళ్ళు జరుపుకునే పోటీల పండగ, ఇల్లంటే ఒక తల్లి చేరదీసిన గుంపు. ఇళ్ళకి ఇళ్ళు కట్టగట్టుకుని వచ్చి పోటీ పడతాయి. నడకలో, నాట్యంలో, బట్టల్లో, ముఖంలో. ఎవరు బాగా నడిచారో, ఎవరి చెప్పు మడమ విరిగిందో, ఎవరి విగ్గు ఎటు జారిందో హాలంతటికీ వినబడేలా చెప్పి, అవసరమైనవాళ్ళని ఉతికి ఆరేయడం నా పని. నాది నోటిదూల అని కొందరంటారు. అలా అన్నవాళ్ళే బాల్‌కి నేను రాకపోతే ఫోను చేసి ఎక్కడ చచ్చావని అడుగుతారు.

మా ఇంటిపేరు సెరఫీన్. కన్నవాళ్ళు పెట్టింది కాదు. కన్నవాళ్ళు మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టి తలుపేసుకున్నాక ఒడెల్లా అమ్మ పెట్టింది. ఆవిడ మా ఇంటి తల్లి. పుట్టినప్పుడు మగపిల్లాడని రాసి, మగపిల్లాడి పేరు పెట్టి, మగపిల్లాడి బట్టలేసి పెంచితే, అవన్నీ విప్పి అవతల పారేసి ఆడదానిగా బతికిన మనిషి. నార్త్ అవెన్యూ వెనక వీధిలో ఆవిడ వంటింట్లో ఎందరం తిని పెరిగామో మాకే తెలియదు. ఇప్పుడు అరవై దాటింది. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు.

"మిగతా సగం మీరు తినేశార్రా," అంది నాతో, ఆస్పత్రి నుంచి వస్తూ. "ఆ డాక్టరుకి తెలీదు పాపం, ఏదో జబ్బనుకుంటన్నాడు."

ఆవిడకి చావంటే భయం లేదు. చచ్చాక ఏం తొడుగుతారోనన్నదే భయం. అది ఉత్త భయం కూడా కాదు. పోయిన చలికాలం మా ఇంటి పిల్ల వెనీషియా పోయింది. అప్పటిదాకా ఏ కలుగులో ఉన్నారో తెలియని రక్తసంబంధీకులు శవం దగ్గరికి మాత్రం టైముకి దిగారు. జుట్టు కత్తిరించారు. సూటు తొడిగారు. శవపెట్టె పక్కన ఎప్పుడో స్కూల్లో మగపిల్లాడి బట్టల్లో తీసిన ఫొటో పెట్టారు. పాస్టరుగారు "ఈ మంచి యువకుడు" అని మొదలుపెట్టి, ఆ యువకుడికి బేస్‌బాల్ అంటే ఎంత ప్రాణమో చెప్పారు. వెనీషియా బంతి కనబడితే కళ్ళు మూసుకుని కేకపెట్టే మనిషి. మేమంతా చివరి బెంచీలో కూర్చున్నాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పేరున్న నా నోటికి ఆ రోజు ఒక్క మాట రాలేదు.

చర్చి మెట్లు దిగుతూ ఒడెల్లా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకూ ఇదేరా జరిగేది. వర్లీన్ సూటుకి ఇస్త్రీ కూడా చేయించి ఉంచింది."

వర్లీన్ ఆవిడ చెల్లెలు. చర్చిలో తెల్ల చేతితొడుగులు వేసుకుని జనాన్ని బెంచీల్లో కూర్చోబెట్టే పెద్దావిడ. చెడ్డది కాదు, అదే చిక్కు. చెడ్డదైతే తిట్టుకుని వదిలేసేవాళ్ళం. ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే ఒక పళ్ళెంలో వేయించిన కోడి, ఆకుకూర, చీజు వేసిన మాకరోని పెట్టి, పైన అల్యూమినియం కాగితం కప్పి తెస్తుంది. వంటింటి బల్ల మీద పెడుతుంది. "అన్నయ్యా, తిను," అంటుంది. మా వంక చూడదు. వెళ్ళిపోతుంది. ఒడెల్లా అమ్మ చీరి చెండాడలేని మనిషి ఈ ఊళ్ళో ఆవిడ ఒక్కతే.

ఒకసారి నా ఎదుటే తేల్చి చెప్పేసింది కూడా. "నువ్వు ఎట్టా బతికినా నేను అడ్డం రాలేదన్నయ్యా. దేవుడి ముందుకి మాత్రం అమ్మానాన్నా పెట్టిన పేరుతో, మగవాడి బట్టల్లో పంపిస్తా. అమ్మ పక్కన పడుకోవాలంటే అంతే."

అమ్మ పక్కన అంటే సమాధుల తోటలో వాళ్ళమ్మ పక్కనున్న చోటు. అది వర్లీన్ పేరున ఉంది. నేను లాయరు దగ్గరికి పోదామన్నాను.

"లాయరు నాకు గౌను తొడిగించగలడు," అంది ఒడెల్లా అమ్మ. "అమ్మ పక్కన చోటిప్పించలేడు. అయినా చెల్లెలి మీద కోర్టుకెక్కి గెలిచి, ఆ గెలిచిన బట్టల్లో పడుకోవాలా నేను? వర్లీన్ ఒప్పుకోవాలిరా. దాని చేత్తో అది తొడగాలి."

అందుకే ఆంబ్రోస్ కీన్ వస్తున్నాడని వినగానే ఆవిడ లేచి కూర్చుంది. వర్లీన్‌కి గొప్ప గొప్ప భవనాలంటే మహా గురి. మేయరు ఆఫీసు, చర్చి, మ్యూజియం, ఏదైనా ముందు మెట్లూ స్తంభాలూ ఉంటే చాలు, గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మ్యూజియం గోడ మీద ముత్యాల కమ్మలతో రాణిలా నిలబడ్డ మనిషిని చూశాక, అదే మనిషికి సూటు తొడగడానికి వర్లీన్‌కి చేతులు రావని ఒడెల్లా అమ్మ లెక్క. పెట్టె పక్కన పెట్టే ఫొటో కూడా అదే కావాలి. నాకు ఆ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. నా దగ్గర ఇంకో లెక్క కూడా లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఫొటోలు తీసింది మా కమ్యూనిటీ హాల్లో. గోడకి బూడిదరంగు కాగితం వేలాడదీసి, దాని ముందు ఒక స్టూలు వేశారు. మా వాళ్ళు ఈకలతో, మెరిసే రాళ్ళతో, జానెడు మడమల చెప్పులతో వరుసలో నిలబడ్డారు. ఆంబ్రోస్ ఒక్కొక్కరినీ మెత్తగా పక్కకి పిలిచి, ఈకలు తీయించాడు, రాళ్ళు తీయించాడు, రంగులు కడిగించాడు. స్టూలు మీద కూర్చోబెట్టాక అసలు షరతు చెప్పాడు.

"దయచేసి నవ్వకండి. మీరు మోసిన బరువు మీ కళ్ళల్లో కనబడాలి."

ముందు కూర్చున్నది జకాయా. మా ఇంట్లో నాట్యానికి ఆ పిల్లని మించినవాళ్ళు లేరు. కాసేపు ప్రయత్నించి చూసింది. "నాకివాళ బరువులేం లేవండి. నిన్న జీతం పెరిగింది. వచ్చే వారం రమ్మంటారా?"

"పాత సంగతేదైనా గుర్తు చేసుకోండి," అన్నాడు ఆంబ్రోస్ ఓపికగా.

ఆ పిల్ల పాత సంగతేదో గుర్తు చేసుకుంది. ముఖం వాడిపోయింది. ఆంబ్రోస్ సంతోషపడి ఫొటో తీశాడు. అలా మూడు రోజులు సాగింది కీర్తన. పంటి డాక్టరు గదిలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళలా ఉన్నారు అందరూ. మా బాల్‌లో ఎవరైనా ఆ ముఖంతో నడిస్తే మైకులో నేను అంబులెన్సుని పిలిచేవాణ్ణి.

మనిషి చెడ్డవాడని అనను. అందరికీ భోజనం తెప్పించాడు, మా వీధి చివర కొట్టు నుంచి వేడి వేడి లేక్ ట్రౌట్. మా ఊళ్ళో ఆ పేరుతో అమ్మే చేప సరస్సుదీ కాదు, ట్రౌటూ కాదు. ఏదో సముద్రపు చేప. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా పాస్టరు దగ్గర్నుంచి పోలీసు దాకా ప్రతివాడూ దాన్ని మర్యాదగా అది కోరుకున్న పేరుతోనే పిలుస్తాడు. ఒక్కడు కూడా "పుట్టినప్పుడు దాని పేరేంటి" అని అడగడు. చేపకిచ్చిన మర్యాద మా వాళ్ళకెందుకివ్వరని అడిగితే నాది నోటిదూల అంటారు.

ఒడెల్లా అమ్మ మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. పొద్దుటినుంచీ అద్దం ముందు కూర్చుని తయారైంది. వెండిరంగు విగ్గు, ముత్యాల కమ్మలు, పెదాలకి ముదురు ఎరుపు, రెప్పలకి అతికించిన వెంట్రుకలు. గడ్డం నీడ ఎక్కడా తెలియకుండా పొర మీద పొర వేసుకుంది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచొచ్చినా, హాల్లో అడుగు పెట్టగానే చెయ్యి వదిలేసి ఒక్కతే నడిచింది. మా వాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆంబ్రోస్ కూడా తల వంచి నమస్కారం పెట్టాడు. తర్వాత మామూలు పాఠం మొదలెట్టాడు. "ఒడెల్లా గారూ, మీరేమీ అనుకోనంటే ఆ మేకప్ తీసేద్దామండి. మీ అసలు ముఖం నాకు కావాలి."

"నా అసలు ముఖానికి మూడు గంటలు పడుతుంది నాయనా. నకిలీదైతే పొద్దున లేవగానే వచ్చేస్తుంది. అది నీకెందుకు?"

ఈసారి పాఠం ఆంబ్రోస్‌కే పడింది. పాఠాలు చెప్పేవాడికి అలాంటి పరిస్థితి అరుదుగా వస్తుందనుకుంటాను. చివరికి "మీ ఇష్టం," అన్నాడు. అమ్మ గెలిచిందని నేను లోలోపల పొంగిపోయాను. ఆ పొంగు కాసేపే ఉంది.

ఇక్కడ ముఖం పోటీ సంగతి ఒకటి చెప్పాలి. బాల్‌లో ముఖానికని ఒక పోటీ ఉంటుంది. బల్ల వెనక న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. నువ్వు నడిచి వాళ్ళ ముందుకి రావాలి. చర్మం చూస్తారు, కళ్ళు, ముక్కు చూస్తారు, పళ్ళు చూస్తారు. తర్వాత ఒకరు తెల్లటి టిష్యూ కాగితం అందిస్తారు. దాంతో ముఖం గట్టిగా తుడుచుకుని కాగితం ఎత్తి చూపించాలి. రంగు అంటిందా, కోత. అంటే ఇంటికి పొమ్మని. వయసులో ఉండగా ఒడెల్లా అమ్మ ఆ పోటీలో ఒక్కసారి కూడా కోత పడలేదు. ఉత్త ముఖంతో వచ్చేది. కాగితం తెల్లగానే ఉండేది. వెనక నుంచి నేను మైకులో పాడేవాణ్ణి. ఆవిడ నడవడం మానేసి చాలా కాలమైంది కానీ, ఒంటికి అలవాటైనది ఎక్కడికి పోతుంది?

స్టూలు మీద కూర్చుంది. దీపాలన్నీ వెలిగించారు. ఆ వేడికి నుదుటి మీద కొద్దిగా చెమట పట్టి మెరిసింది. ఆంబ్రోస్ కెమెరాలోంచి చూసి, తల అడ్డంగా ఊపి, జేబులోంచి తెల్లటి టిష్యూ కాగితం తీసి ఆవిడ ముందుకి చెయ్యి చాపాడు. నుదుటి మీద ఒక్కసారి అద్దమని ఆయన ఉద్దేశం.

ఎదురుగా కళ్ళు చెదిరే వెలుగు. వెలుగు వెనక నల్లగా కనబడే జనం. ముందుకి చాపిన తెల్ల కాగితం. ఒడెల్లా అమ్మ వెన్ను నిటారైంది. కాగితం అందుకుని నుదుటి నుంచి గడ్డం దాకా బరబరా తుడిచేసింది. ఇంకోసారి. ఇంకోసారి. మరి నేనైనా ఆపాలి కదా. ఆ కాగితం చూడగానే నాకూ బుద్ధి గడ్డి తింది.

"ముఖం, ముఖం, ముఖం," అని ఎత్తుకున్నాను. మైకు లేకుండానే హాలంతా మోగింది. "చూడండి జనులారా, సెరఫీన్ వారి ముఖం. ఇవ్వు తల్లీ, ఇవ్వు. పళ్ళు చూపించు."

మా వాళ్ళు చప్పట్లతో తాళం వేశారు. ఆవిడ గడ్డం ఎత్తింది, ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. రెండు అరచేతుల మధ్య ముఖాన్ని పళ్ళెంలో పెట్టినట్టు పెట్టి, పెదాలు విప్పి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ముందు రెండు పళ్ళ మధ్య సందుతో సహా. మూడు రోజులుగా నవ్వొద్దు నవ్వొద్దని మొత్తుకున్న ఆంబ్రోస్ ఆ క్షణాన మీట నొక్కాడు.

తర్వాత ఆవిడ అలవాటు ప్రకారం కాగితం ఎత్తి చూపించింది. దాని మీద గోధుమరంగు, ఎరుపు, నలుపు. ఒక మూల రెప్ప వెంట్రుకలు చచ్చిన సాలీడులా అతుక్కుని ఉన్నాయి. నేను పాట ఆపేశాను. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"ఏం చేశాన్రా నేను?" అంది ఒడెల్లా అమ్మ.

విగ్గు కింద ఆ ముఖం మీద ముడతలు, గడ్డం నీడ, చెరిగిపోయిన పెదవి రంగు. ఆవిడ చెయ్యి పెట్టి తడుముకుంది. "వర్లీన్‌కి వాళ్ళన్నయ్యని పళ్ళెంలో పెట్టి ఇచ్చేశాను. పైన కాగితం కూడా కప్పలా."

మళ్ళీ తయారవుదామంటే ఊపిరి అందడం లేదు. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టాం. ఆంబ్రోస్ కూడా వెంట వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ ఫొటో అచ్చు వేయించి పంపుతాననీ, ఆవిడ వద్దంటే ఎక్కడా పెట్టననీ మాట ఇచ్చాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. చూశారా, బరువు ఎవరి కళ్ళల్లో కనబడిందో. సాయంత్రం రైలుకి ఆయన వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఫొటో వచ్చింది. తలుపంత ఉంది. అద్దం బిగించి, చెక్క చట్రం కట్టించి మరీ పంపాడు. ఒడెల్లా అమ్మ చూడకుండానే దాన్ని వంటింట్లో గోడ వైపు తిప్పించింది. వారం రోజులు దాని వీపే చూస్తూ అన్నం తిన్నాం.

ఆదివారం జకాయా ఇక ఊరుకోలేదు. "అట్టా కుదరదమ్మా. ముఖం నడిచింది. నడిచిన ముఖానికి మార్కులు వెయ్యాలి. పద్ధతి పద్ధతే."

పద్ధతి ఏమిటంటే, అయిదుగురు కూర్చుంటారు. నచ్చితే పది అని రాసిన అట్ట ఎత్తుతారు. నచ్చకపోతే చేతులు అడ్డంగా పెడతారు. ఒక్కరు అడ్డం పెట్టినా కోతే, మిగతా నలుగురు ఎన్ని పదులెత్తినా లాభం లేదు. ఒడెల్లా అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, అయిదో కుర్చీ తనది. అంటే ఫలితం ముందే తెలిసిపోయింది. మా ఊరి ఎన్నికలు కూడా కొన్నిసార్లు ఇలాగే జరుగుతాయి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గరిటె మైకులా పట్టుకుని నేను నిలబడ్డాను. ఇద్దరు ఫొటోని ఇటు తిప్పారు.

నేను దాన్ని మొదటిసారి చూడటం అప్పుడే. ముడతలున్నాయి. గడ్డం నీడ ఉంది. పలచటి కనుబొమలు, అలిసిపోయిన కళ్ళ కింద నల్లటి సంచులు. ఆ అన్నిటి మధ్యనుంచి ఒక నవ్వు, పొయ్యి మీద పాలు పొంగినట్టు, ఆపడం ఎవరి వల్లా కానట్టు. బాగుందని నాకు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఎందుకంటే ఆ ముఖం వెనక సూటు కూడా కనబడుతోంది.

"జకాయా సెరఫీన్?" అని పిలిచాను.

పది.

రెండో కుర్చీ, పది. మూడోది, పది. నాలుగో కుర్చీలో ట్రెమెయిన్. మా ఇంట్లో అందరికంటే పిసినారి, అయిదేళ్ళుగా ఎవరికీ పది ఇచ్చిన పాపాన పోలేదు. ముక్కు చీదుకుని అట్ట ఎత్తాడు.

"అయిదో కుర్చీ. ఒడెల్లా సెరఫీన్."

ఆవిడ ఫొటో వంక చాలాసేపు చూసింది. "బాగానే ఉందిరా," అంది. "మీరు చూస్తే బాగానే ఉంటుంది. వర్లీన్ చూస్తే ఏమంటది? చూశావా అన్నయ్యా, ఎంత పూసినా కింద నువ్వే ఉన్నావు, అంటది. ఇది నా పెట్టె పక్కన పెడితే, సూటుకి నేనే కొలతలిచ్చినట్టు." మోచేతులు బల్ల మీదనుంచి లేపింది, అడ్డం పెట్టడానికి.

అప్పుడు వెనక తలుపు తోసుకుని వర్లీన్ వచ్చింది. ఎప్పుడూ వచ్చే వేళ కాదు. పాస్టరుగారికి జలుబు చేసి ప్రసంగం సగంలో ఆపేశారట. దేవుడు నిజంగా ఉన్నాడో లేడో నాకు తెలియదు గానీ, ఉంటే మాత్రం బాల్ నడిపిన అనుభవం ఉన్నట్టుంది.

చేతిలో పళ్ళెం, తెల్ల చేతితొడుగులు, మా వంక చూడని ఆ చూపు. "అన్నయ్యా, తి—"

"తిప్పండ్రా దాన్ని. తిప్పండి," అంది ఒడెల్లా అమ్మ.

తలుపంత ఫొటోని ఎక్కడికని తిప్పుతాం? ఇద్దరు లేచి కుర్చీలకి తట్టుకున్నారు. వర్లీన్ అప్పటికే చూసేసింది. అడుగు ముందుకి పడలేదు. పళ్ళెం పట్టుకున్న చేతులు కిందికి జారుతుంటే జకాయా లేచి అందుకుంది. వర్లీన్ అది కూడా గమనించలేదు.

"అమ్మని ఎవరు తీశారిట్టా?" అంది.

ఒడెల్లా అమ్మ చేతులు అడ్డం పడకుండానే గాల్లో ఆగిపోయాయి. "అది అమ్మ కాదు వర్లీనూ. నేను."

"కళ్ళున్నాయిలే నాకు." వర్లీన్ దగ్గరికి నడిచింది. తొడుగు వేసుకున్న వేలితో అద్దం మీద, ఆ రెండు పళ్ళ మధ్య సందు దగ్గర తాకింది. "అమ్మ నవ్వే ఫొటో ఒక్కటి లేదు మన దగ్గర. ఎవరు కెమెరా తీసినా నోటికి చెయ్యి అడ్డం పెట్టేసేది, ఈ సందు కనబడుతుందని. పెళ్ళి ఫొటోలో కూడా అంతే. అమ్మ పోయేటప్పటికి నేను చిన్నదాన్ని. అమ్మ నవ్వు ఎట్టా ఉంటదో నాకు గుర్తే లేకుండా పోయింది. మర్చిపోయానని ఎవరికీ చెప్పలా."

ఆవిడ మా కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ కూర్చోవడం నేను చూడలేదు. కాసేపటికి మా అందరి వంకా కోపంగా చూసింది, మేమంతా కలిసి ఏదో మోసం చేసినట్టు.

"నీకు సూటు వేస్తానన్నాను కదా," అంది అక్కడినుంచి.

"అన్నావు."

"ఇప్పుడెట్టా వెయ్యను?" వర్లీన్ ఫొటో వైపు వేలు చూపించింది. "నువ్వే చెప్పు. అమ్మకి సూటు నేనెట్టా తొడగను?"

జకాయా ఏడుస్తోంది. ట్రెమెయిన్ కూడా ఏడుస్తూ, కళ్ళు తుడుచుకోవడానికి పది అంకె అట్ట వాడుకుంటున్నాడు. నేను గరిటె కింద పెట్టాను.

వర్లీన్ చేతితొడుగులు విప్పి సంచిలో పెట్టుకుంది. "ఏం వేసుకుందామనుకున్నావు మరి?"

"ఊదారంగు గౌను. భుజాల మీద రాళ్ళుంటయి."

"చర్చిలో రాళ్ళేంటి?"

"రాళ్ళు లేకపోతే నేను రాను."

"రాక ఎక్కడికి పోతావు? ఏది, చూపించు. మెడ ఎంత కిందికుందో చూడాలి."

ఇద్దరూ పడకగదిలోకి వెళ్ళారు. మ్యూజియంలో ఆ ఫొటో ఉండదు. ఇంటికి పోయేముందు వర్లీన్ దాన్ని తన ముందుగదికి మోయించుకుపోయింది, అక్కడ అన్నయ్య చిన్నప్పటి స్కూలు ఫొటో ఉన్న మేకుకే తగిలించడానికి. ఆంబ్రోస్ గారి ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. మమ్మల్ని కీర్తించడం ఇంకా నడుస్తోంది, గోడల నిండా మా ఏడుపు ముఖాలతో.

ఆ ఆదివారం మాత్రం మేము వంటింట్లో చల్లారిన కోడి తింటూ గది తలుపు వంక చెవులు పెట్టుకుని కూర్చున్నాం.

"ఊపిరి బిగబట్టు," అంటోంది వర్లీన్.

"సగం గుండెతో ఎంత బిగబట్టమంటావే?"

"ఇంకాస్త. కదలొద్దు."

ఆ గౌనుకి జిప్పు వీపు మీద ఉంటుంది. ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. ఇన్నేళ్ళూ మేమే వేశాం. ఆ రోజు వర్లీన్ వేసింది.